పాత .22 తూటా ఇంకా కొనదగ్గదేనా? ఎల్ఆర్, హార్నెట్ రైఫిళ్లు చూసి కొనే పద్ధతి

కోనసీమలోనో భీమవరం చుట్టుపక్కలో పాత మండువా లోగిలి పంపకాలకి వచ్చినప్పుడు ఇనప్పెట్టె వెనక నుంచి సన్న గొట్టం రైఫిల్ ఒకటి బయటపడుతుంది. లేదా లైసెన్సున్న పెద్దాయన ఎవరో వయసు మీదపడి అమ్మేస్తానంటారు. చూస్తే బ్రనో, బీఎస్ఏ, వాల్తర్ లాంటి పేరు, నున్నటి వాల్‌నట్ కర్ర, ముచ్చటైన పనితనం. చేయి జాపాలనిపిస్తుంది. అయితే తుపాకీని ఒకసారి కొంటాం, తూటాని కొంటూనే ఉండాలి. అందుకని బేరం తూటా దగ్గర మొదలుపెట్టాలి.

జవాబు ముందే చెప్పేస్తాం. ఆ రైఫిల్‌లో పట్టేది .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) అనే చిన్న తూటా అయి, మీరు రైఫిల్ క్లబ్బులో చేరి రేంజిలో కాల్చేవాళ్లయితే, గొట్టం బాగుంటే నిక్షేపంగా కొనండి. .22 హార్నెట్ అనే పొడవాటి, బలమైన తూటా అయితే కనీసం రెండు మూడు పెట్టెల తూటాలు ఎక్కడ దొరుకుతాయో తేలాకే రైఫిల్ ముట్టుకోండి. చేలో పందుల కోసమో, రొయ్యల చెరువు మీద వాలే నీటికాకుల కోసమో అయితే రెండూ వద్దు. ఎందుకు వద్దో కింద చెబుతాం.

గొట్టం మీద ఏముందో చదవండి

".22 రైఫిల్" అని అమ్మే మనిషి చెప్పిన మాట చాలదు. 0.22 అంగుళం అనేది రంధ్రం కొలత మాత్రమే. ఆ రంధ్రంలోంచి వెళ్లే తూటాలు అరడజను రకాలున్నాయి, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. గొట్టం వెనక భాగంలో, చాంబర్ (తూటా కూర్చునే గది) పైన అచ్చు ఉంటుంది. భూతద్దం, టార్చిలైటు పెట్టుకుని చదవాలి. తుప్పులో అక్షరాలు పూడిపోతే కాస్త సుద్దపొడి రుద్ది తుడిస్తే గాట్లలో తెల్లగా నిలబడి కనిపిస్తాయి.

"22 ఎల్.ఆర్." లేదా "22 లాంగ్ రైఫిల్" అని ఉంటే అది 1887 నుంచి నడుస్తున్న తూటా. మొత్తం పొడవు ఒక్క అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు. ఇది రిమ్‌ఫైర్: రవ్వ పుట్టించే మందు తూటా అడుగున అంచు మడతలోనే ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీలోని పిన్ను ఆ అంచు మీద కొడుతుంది. ఎన్‌సీసీలో 25 గజాల దూరంలో పడుకుని కాల్చేది ఇదే. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ కూడా దీంతోనే.

"22 హార్నెట్" అని ఉంటే కథ వేరు. ఇది సెంటర్‌ఫైర్. అడుగున మధ్యలో చిన్న గుండ్రటి ప్రైమర్ (రవ్వ పుట్టించే బిళ్ల) కనబడుతుంది, పైన సీసా మెడలా సన్నబడుతుంది. 1885 నాటి .22 డబ్ల్యూసీఎఫ్ అనే, నల్లటి తుపాకిమందుతో పనిచేసే తూటా కేసును (ఇత్తడి గుల్లను) తీసుకుని 1920లలో అమెరికా సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పనిచేసేవాళ్లు కొత్త మందుతో తయారుచేశారు. 1930లో వించెస్టర్ అమ్మకానికి తెచ్చింది. కేసే 35.6 మిల్లీమీటర్లుంటుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, 1959లో వచ్చిన .22 మాగ్నం రైఫిల్లో ఎల్ఆర్ తూటా వేయడం. చాంబర్ వెడల్పు కాబట్టి తూటా వదులుగా దూరుతుంది. కాలిస్తే ఇత్తడి చీలి వేడి గ్యాసు వెనక్కి, అంటే కంటి వైపు కొడుతుంది. రెండోది, యూరప్ పాత తుపాకుల మీద "5.6×35ఆర్" అని ఉంటే హార్నెట్ అనుకోవడం. కొలతలు దగ్గరగానే ఉంటాయి గానీ ఆ పేరుతో తక్కువ పీడనానికి చేసిన వీర్లింగ్ అనే తూటా ఉంది. అలాంటి దాంట్లో హార్నెట్ వేసే ముందు లైసెన్సున్న గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవారికి) చూపించి తీరాలి.

రెండు తూటాలకీ తేడా ఎంత

ఎల్ఆర్ గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. స్టాండర్డ్ రకం సెకనుకి 325–330 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది, శక్తి 140 జౌళ్లకి అటూ ఇటూ. హార్నెట్‌లో 45 గ్రెయిన్ల గుండు 820 మీటర్ల వేగంతో వెళ్తుంది, శక్తి దాదాపు 980 జౌళ్లు. బరువులో తేడా పిసరంత, దెబ్బలో ఏడింతలు.

దూరం లెక్క జానెడుతో గుర్తుపెట్టుకోవచ్చు. ఎల్ఆర్‌ని 50 మీటర్లకి సరిచేసి పెడితే 100 మీటర్ల దగ్గర గుండు ఇంచుమించు జానెడు కిందకి పడుతుంది. హార్నెట్‌ని 100 గజాలకి సరిచేస్తే అదే జానెడు 200 గజాల దగ్గర పడుతుంది. రెండు గొట్టాల్లోనూ గుండుని తిప్పే లోపలి గాట్ల మెలిక సాధారణంగా 16 అంగుళాలకి ఒక చుట్టు. ఈ నిదానపు మెలిక వల్లే హార్నెట్‌లో 45 గ్రెయిన్ల దాకా గుండ్లు కుదురుగా వెళ్తాయి. పొడవాటి, మొన తేలిన 55 గ్రెయిన్ల గుండు తిరుగుడు చాలక అడ్డం పడి, కాగితంలో గుండ్రటి చిల్లు బదులు తాళం కన్నం లాంటి చీలిక చేస్తుంది. పాత హార్నెట్ గొట్టాలు కొన్ని .223 అంగుళాల గుండుకి, తర్వాతవి .224కి కోసినవి. తేడా వెంట్రుకంతే, అయినా ఇది గురి మీద తెలుస్తుంది. గన్‌స్మిత్ చేత మెత్తటి సీసపు బిళ్ల గొట్టంలోంచి తోయించి మైక్రోమీటర్‌తో కొలిపిస్తే ఏదో తేలిపోతుంది.

బయటి దేశాల్లో హార్నెట్‌ని నిలబెట్టింది సొంతంగా తూటాలు నింపుకునే అలవాటు. వాడిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టుకుంటారు. మనకి ఆ దారి లేదు. ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తూటా తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. అది లేకుండా ఇంట్లో నింపితే, తుపాకీ లైసెన్సు ఎంత సవ్యంగా ఉన్నా నేరమే. ఎవరైనా "ఖాళీ కేసులివ్వండి, నింపి ఇస్తాను" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఎల్ఆర్‌కైతే ఆ ప్రశ్నే లేదు, అంచులో మందున్న కేసు ఒకసారి నలిగాక మళ్లీ పనికిరాదు.

ఇక సరఫరా. ఎల్ఆర్ తూటాలు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీవి డీలర్ల దగ్గర దొరుకుతాయి. ఆ ఫ్యాక్టరీలు 2021 అక్టోబరు 1న కంపెనీలుగా విడిపోయాక తూటాల పని మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందకి వెళ్లింది, కాబట్టి పెట్టె మీద పేరు మారి ఉంటే కంగారుపడక్కర్లేదు. పోటీల్లో కాల్చేవాళ్లకి విదేశీ మ్యాచ్ తూటాలు క్రీడా సంఘాల దారిన వస్తాయి. హార్నెట్ అలా కాదు. దొరికితే అరుదుగా, పాత దిగుమతి సరుకుగా, అడిగినంతకి. మామూలు లైసెన్సుదారులకి విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుంచి ఆగిపోయింది, మార్కెట్లో ఉన్న విదేశీ హార్నెట్లు దాదాపు అన్నీ అంతకుముందువే. విజయవాడ, హైదరాబాద్ డీలర్లకి ఒక్కో ఫోను చేసి "హార్నెట్ ఎన్ని ఉన్నాయండి, ఏ లాటు, పెట్టె ఎంత" అని మూడు ముక్కలు అడగండి. ఎవరి దగ్గరా లేవంటే రైఫిల్ గోడకి వేలాడే బొమ్మే. బొమ్మకి కూడా లైసెన్సు రెన్యువల్ తప్పదు.

లైసెన్సు సంగతి, చేలో కాల్చే సంగతి

ఆయుధాల చట్టం 1959, నిబంధనలు 2016. .22 నిషిద్ధం కాని బోరు (గొట్టం రంధ్రం కొలత) కిందకి వస్తుంది (.303, 9 ఎంఎం నిషిద్ధ బోరు, అవి ఇంట్లో బయటపడితే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే పోలీసు స్టేషనుకి వెళ్లండి). 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్లు. దరఖాస్తు కలెక్టరు గారికి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి అమలాపురం, రాజోలు వాళ్లది ఇప్పుడు కోనసీమ జిల్లా. పాత లైసెన్సు పుస్తకంలో కాకినాడ ముద్రే ఉంటే, రెన్యువల్‌కి వెళ్లే ముందు పాత ఫైలు ఏ ఆఫీసులో ఉందో కనుక్కుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

తాతగారి లైసెన్సు ఆయనతోనే పోతుంది. ఆయన పోయాక రైఫిల్ మీ ఇంట్లో ఉంచుకోవడం చట్టబద్ధం కాదు. ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేసి, రసీదు తీసుకుని, వారసుడిగా 25వ నిబంధన కింద మీ పేర లైసెన్సుకి పెట్టుకోవాలి. మనిషి బతికుండగా కూడా, వయసు 70 దాటినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా, వారసుడికి ఇచ్చే వీలు ఆ నిబంధనలో ఉంది. పెద్దాయన ఉండగానే ఆ కాగితం కదపడం తేలిక. చాలా ఇళ్లలో దినవారాలయ్యాక గుర్తొస్తుంది, అప్పుడు పని మూడింతలు.

వేరేవాళ్ల దగ్గర కొంటుంటే ఇద్దరికీ లైసెన్సుండాలి. అమ్మేవాళ్లు ముందుగా జిల్లా మెజిస్ట్రేటుకి గానీ దగ్గరి స్టేషను అధికారికి గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఆ గడువు తీరకుండా చేతులు మారకూడదు. అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఆ ఉత్తరం అక్నాలెడ్జిమెంటు చూసి ఇవ్వండి. రైఫిల్ మీద నంబరు, పుస్తకంలో నంబరు ఒక్కో అంకె కలిపి చూడండి. పాత పుస్తకాల్లో 1, 7 కలిసిపోయి ఉంటాయి. యూఐఎన్ నంబరు (లైసెన్సుదారుకిచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) లేని లైసెన్సు మీద ఏ లావాదేవీ జరగదు.

లైసెన్సు ఎందుకు అడుగుతున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసుకి అడిగితే, ఇతర అడ్డంకులు లేనప్పుడు, లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షనే చెబుతుంది. పంట కాపలాకి అదే సెక్షన్ చెప్పేది లోపల గాట్లు లేని నున్న గొట్టపు తుపాకీని, మూతి నుంచి మందు కూరే మజిల్‌లోడరునే. రైఫిల్‌ని కాదు. కాబట్టి "కొబ్బరితోటలో పందులండి" అని రాసి .22 అడిగితే కాగితం అక్కడే ఆగుతుంది.

ఆగడం కూడా న్యాయమే. అడవిపంది, నీటికాకి, కొంగ అన్నీ వన్యప్రాణి చట్టం 1972 కిందవి. పంట పాడుచేస్తున్న పందిని చంపాలన్నా చట్ట ప్రకారం రాతపూర్వక అనుమతి రావాలి. అనుమతి వచ్చిందే అనుకుందాం, 140 జౌళ్ల ఎల్ఆర్ గుండు పెద్దపందిని చంపదు, పుండు చేసి పక్క చేలోకి తోలుతుంది. కోరింగ అభయారణ్యం హద్దుల్లోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం, కాల్చినా కాల్చకపోయినా.

మన నేల బల్లపరుపు. గుట్ట లేదు, మిట్ట లేదు. ఎటు చూసినా నీరు. చెరువులో చిల్లపెంకు ఏటవాలుగా విసిరితే కప్పగంతులేస్తుంది చూశారా, సీసపు గుండూ నీటి మీద అంతే. వాలు తక్కువైతే మునగదు, ఎగిరి దిక్కు మార్చుకుని వెళ్తుంది. చాలా ఎల్ఆర్ పెట్టెల మీద ఒకటిన్నర మైలు దాకా ప్రమాదమని అచ్చేసి ఉంటుంది. ఒకటిన్నర మైలంటే రెండు కిలోమీటర్ల పైమాట. ఆ దూరంలో ఇల్లో, బడో, కాలవగట్టు మీద సైకిలో లేని చోటు డెల్టాలో చూపించండి. హార్నెట్ గుండు పలచటి జాకెట్‌తో ఉంటుంది, నేలకి తగిలితే చాలాసార్లు చిట్లిపోతుంది, అందుకే ఎగురుడు తక్కువ. తక్కువంటే లేదని కాదు. కాలవగట్టు వెనక ఆసరా అనుకోవద్దు, దాని మీద దారి ఉంటుంది, అవతల మనుషులుంటారు. రెండిటికీ చోటు రేంజి మాత్రమే. సంక్రాంతికి, పెళ్లి ఊరేగింపుకి గాల్లోకి కాల్చే సరదాకి 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ రాసిపెట్టింది.

రైఫిల్ చూసే వరస

డీలరు దుకాణంలోనో, అమ్మే లైసెన్సుదారు ఎదుటనో చూడండి. వెంట తీసుకెళ్లాల్సినవి: పెన్‌లైటు, తెల్లకాగితం ముక్క, .22 కొలత ఒక్క ముక్క రాడ్డు, చిందీ గుడ్డ ముక్కలు ఆరు, భూతద్దం.

మొదట ఖాళీ చేయడం. మ్యాగజైన్ తీయండి, బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) వెనక్కి లాగండి, చాంబర్‌లోకి కంటితో చూడండి, తర్వాత చిటికెన వేలితో తడమండి. ఎల్ఆర్ చాంబర్ చిన్నది, చీకట్లో ఇత్తడి కనపడకుండా దాక్కుంటుంది. ఖాళీ అని ఎవరు చెప్పినా మీరూ చూడాల్సిందే, ఇందులో మర్యాద లేదు.

బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, చాంబర్ దగ్గర కాగితం ముక్క వంచి పెట్టి దాని మీద లైటు వేయండి. గొట్టం ముందు నుంచి చూస్తే లోపల వెలుతురు పరచుకుంటుంది. గాట్లు పదునుగా, గీతలు అద్దంలా ఉంటే సంతోషం. ముందే నూనె పూసి పెట్టి ఉంటే నమ్మకండి. నూనె గుంటల్ని నింపి మెరిపిస్తుంది. పొడి గుడ్డ రెండుసార్లు లాగి మళ్లీ చూడండి. అప్పుడు నల్లటి చుక్కలు, ఈగ రెట్టల్లా, కనిపిస్తే తుప్పు లోహంలోకి దిగినట్టు. 1920ల చివరికి ముందు ప్రైమర్ మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలితే ఉప్పులాంటి అవశేషం మిగిలి గాలిలో తేమని పీల్చుకుంటుంది. అందుకే మరీ పాత గొట్టాల్లో చాంబర్ ముందున్న నాలుగైదు అంగుళాలే ఎక్కువ పాడవుతాయి. అక్కడ చూపు ఆపండి.

తర్వాత బిగువుగా పట్టే గుడ్డని రాడ్డుకి చుట్టి వెనక నుంచి నిదానంగా తోయండి. చేయి ఒకే ఒత్తిడి పట్టాలి. మధ్యలో ఒకచోట రాడ్డు చటుక్కున జారితే అక్కడ గొట్టం ఉబ్బింది: ఒక గుండు ఇరుక్కుని ఉండగా రెండోది కాల్చారన్నమాట. వెలుతురులో అక్కడ నల్లటి ఉంగరంలా నీడ పడుతుంది. అలాంటి గొట్టం ఉచితంగా ఇచ్చినా వద్దు.

గొట్టం మూతి, అంటే క్రౌన్, భూతద్దంతో చూడండి. రాడ్డుని ఏళ్ల తరబడి ముందు నుంచి దూర్చినవాళ్ల తుపాకుల్లో ఒకవైపు అంచు అరిగి కోలగా ఉంటుంది. గుండు విడిచే ఆఖరి చోటు అదే, అక్కడ గ్యాసు ఒకవైపు ముందు తప్పించుకుంటే గుండు పక్కకి తన్నుకుంటుంది. ఇది మాత్రం బాగుచేయించుకోగల లోపం, గన్‌స్మిత్ మూతిని కొద్దిగా కోసి సరిచేస్తారు. బేరంలో తగ్గించుకోవడానికి పనికొస్తుంది.

ఎల్ఆర్‌కి ప్రత్యేకంగా రెండు రోగాలు. ఒకటి, ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి ఆడిన తుపాకీ. తూటా అంచు లేకపోవడంతో పిన్ను నేరుగా చాంబర్ అంచుని కొట్టి చిన్న సొట్ట పెడుతుంది. పన్నెండు గంటల స్థానంలోనో, మోడల్‌ని బట్టి పక్కనో, గోటితో రాస్తే తగులుతుంది. ఆ సొట్ట మూలంగా తూటా సరిగ్గా కూర్చోదు, కొట్టిన దెబ్బ మెత్తబడి మిస్‌ఫైర్లు వస్తాయి. రెండోది, పొట్టి .22 షార్ట్ తూటాలు వేలకొద్దీ కాల్చిన చాంబర్. షార్ట్ కేసు ఆగే చోట లోహం అరిగి ఉంగరం పడుతుంది. తర్వాత ఎల్ఆర్ కాలిస్తే ఇత్తడి ఆ గాడిలోకి ఉబ్బి బయటికి రానని మొరాయిస్తుంది. కాల్చిన ఖాళీ కేసు అడిగి తీసుకోండి, దాని నడుం మీద ఉబ్బిన గీత ఉందంటే సంగతి తెలిసిపోతుంది.

హార్నెట్‌కైతే ఖాళీ కేసే జాతకం. ఇత్తడి పలచన, భుజం వాలు తక్కువ. తూటా అంచు పట్టుమీద నిలబడుతుంది, బోల్ట్ అరిగి ఆ చోటు వదులైతే కాల్చిన ప్రతిసారీ కేసు సాగుతుంది. అడుగు నుంచి ఎనిమిది పది మిల్లీమీటర్ల పైన చుట్టూ తళతళలాడే పట్టీ ఉంటే అక్కడ తెగడానికి సిద్ధంగా ఉందన్నమాట. పేపర్ క్లిప్పు నిటారుగా చేసి కొస కొక్కెంలా వంచి, కేసు లోపలి గోడ మీద కింద నుంచి పైకి లాగండి. పట్టీ దగ్గర గుంటలో తట్టుకుంటే అనుమానం తీరినట్టే. హెడ్‌స్పేస్ గేజీ (బోల్ట్‌కీ తూటా అడుగుకీ మధ్య సందు సరిచూసే కొలమానం) పెట్టించకుండా ఆ రైఫిల్ కాల్చకూడదు.

చివరగా, ఖాళీ రైఫిల్ కాక్ చేసి, సేఫ్టీ వేసి, కర్ర అడుగుని రబ్బరు చెప్పు మీద రెండు మూడుసార్లు తట్టండి. పిన్ను పడిపోతే ట్రిగ్గర్ పట్టు అరిగింది. మ్యాగజైన్ అసలుదేనా అని చూడండి. ఈ వయసు బ్రనోలకీ వాల్తర్లకీ గొట్టం కన్నా మ్యాగజైన్ దొరకడం కష్టం, పెదవులు వంగిపోయినదైతే తూటా ముక్కు పైకెత్తి ఇరుక్కుంటుంది.

తూటాలు

పెట్టె మీద లాటు నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) చూసి, ముందు ఒక్క 50 మాత్రమే కొనండి. రేంజిలో 50 మీటర్ల దగ్గర, ఇసుక సంచి మీద ఆనించి, ఐదేసి చొప్పున ఐదు గ్రూపులు కాల్చండి. మొదటి ఐదూ లెక్కలోకి తీసుకోవద్దు, చల్లటి, నూనె తుడిచిన గొట్టం మొదట్లో చెదరగొడుతుంది. మిగతా నాలుగూ రూపాయి బిళ్ల కిందకి దాగితే పాత రైఫిల్‌కి అది మంచి లాటు. అదే నంబరుతో లైసెన్సు అనుమతించినన్ని తీసేసుకోండి. ఒకే బ్రాండు రెండు లాట్లు ఒకే గొట్టంలో రెండు రకాలుగా పడటం ఎల్ఆర్‌లో నిత్యం చూసేదే. ఒలింపిక్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే, పోటీకి కాల్చేవాళ్లు లాటు కోసం ఎందుకు కొట్టుకుంటారో దీన్ని బట్టి అర్థమవుతుంది.

హై వెలాసిటీ అని రాసినవి చూసి మోజుపడకండి. అవి ధ్వని వేగాన్ని దాటి బయల్దేరి, దారిలో గాలి లాగడంతో మళ్లీ ఆ వేగం కిందకి జారతాయి. ఆ దాటే చోట గుండు కుదుపుకి లోనవుతుంది. స్టాండర్డ్ రకం మొదటి నుంచీ ధ్వని వేగం కిందే ఉంటుంది. కాగితం మీద గురికి అదే నయం.

పాత పెట్టెలు ఎవరైనా కలిపి ఇస్తే వాటిని విడిగా పెట్టండి. ఇత్తడి మీద పచ్చ చిలుము, సీసం మీద తెల్లటి పొడి, గుండు వేళ్ల మధ్య తిరిగిపోవడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా కాల్చొద్దు, డీలరుకి అప్పగించండి. తడి తగిలిన రిమ్‌ఫైర్‌లో అంచు మందు చుట్టూ ఒకే తీరున ఉండదు. ఒకచోట పేలుతుంది, ఇంకోచోట పేలదు. పేలినా మెత్తగా "టుప్" మంటే, కాల్పు ఆపేసి బోల్ట్ తీసి గొట్టం ఆరపార చూడాలి. గుండు లోపలే ఉండిపోయి ఉండొచ్చు. అసలు పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి నిమిషం ఆగి అప్పుడు బోల్ట్ తెరవండి, ఆలస్యంగా అంటుకునేవి ఉంటాయి.

ఉప్పుగాలి, కొబ్బరినూనె

అంతర్వేది నుంచి కాకినాడ దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, నూనె లేని ఇనుము వానాకాలంలో రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. ఎల్ఆర్ గొట్టాన్ని అతిగా తోమక్కర్లేదని పుస్తకాలు చెబుతాయి, అది పొడి దేశాల మాట. ఇక్కడ కాల్చిన రోజే శుభ్రం చేయాలి: చాంబర్ వైపు నుంచి సాల్వెంట్ గుడ్డ రెండు, పది నిమిషాలు ఆగి పొడి గుడ్డలు మూడు నాలుగు, చివర పలచగా నూనె గుడ్డ ఒకటి. మళ్లీ కాల్చే ముందు ఆ నూనె పొడి గుడ్డతో తీసేయాలి. హార్నెట్‌లో మరీ ముఖ్యం, గొట్టం నిండా నూనెతో కాలిస్తే పీడనం పెరుగుతుంది.

ఆ నూనె కొబ్బరినూనె మాత్రం కాకూడదు. కోనసీమలో చేతికందేది అదే కాబట్టి బోల్ట్‌కి రాసేస్తారు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున సీసాలో తెల్లగా పేరుకున్నట్టే బోల్ట్ లోపల పిన్ను స్ప్రింగు చుట్టూ పేరుకుంటుంది. పిన్ను బద్ధకంగా కదిలి తూటా అంచు మీద గీత మాత్రం పెడుతుంది, మందు అంటుకోదు. తూటాలు చెడ్డవని తిట్టుకుంటారు. కొన్నాళ్లకి అదే నూనె కమ్ముబట్టి జిగురవుతుంది. కుట్టుమిషను నూనె పలచగా రాస్తే చాలు, నెలకోసారి తుడిచి కొత్తది రాయాలి. మూడు నెలలు ముట్టుకోకుండా ఉంచాల్సి వస్తే బయట లోహానికి వాసెలిన్ పొర నయం. కిరసనాయిల్ కడగడానికి సరే, కాపాడటానికి కాదు.

తోలు కేసులో, గోనె గుడ్డలో, అటక మీద పెట్టకండి. తోలు తేమని పట్టి గొట్టానికి అంటిస్తుంది. తాళం వేసిన ఇనప బీరువాలో మూతి కిందకి ఉండేలా నిలబెడితే నూనె కర్రలోకి ఇంకదు. అడుగున పావుకిలో సిలికా జెల్ సంచి పెట్టండి. రంగు మారినప్పుడల్లా 120 డిగ్రీల ఓవెన్‌లో మళ్లీ పాత రంగు వచ్చేదాకా ఎండబెట్టండి. తూటాలు వేరే తాళంలో, మూత బిగిసే డబ్బాలో, ఒక చిన్న జెల్ సంచితో. తూటాలకి నూనె పూయకూడదు, తుప్పు మందు స్ప్రే కొట్టకూడదు. ఎల్ఆర్ గుండుకీ ఇత్తడికీ మధ్య సందులోంచి నూనె లోపలికి పాకి మందుని చంపేస్తుంది. రోహిణీకార్తెలో రేకుల షెడ్డులోనో కారు డిక్కీలోనో ఉంచితే గుండు మీది మైనం కరిగి దుమ్ము పట్టి, ఆ దుమ్మే గొట్టాన్ని గీకుతుంది.

లంక గ్రామాల వాళ్లు వరద హెచ్చరిక రాగానే రైఫిల్‌ని అటకెక్కించకుండా డీలరు దగ్గరో స్టేషన్లోనో జమ చేయడం మేలు. ఎన్నికలప్పుడైతే జమ చేయమని ఎలాగూ నోటీసు వస్తుంది. స్టేషను గదిలో రెండు మూడు నెలలు పడి ఉంటుంది, ఎవరూ నూనె రాయరు. అందుకని ఇచ్చే రోజు ఉదయం గొట్టం లోపల చిక్కటి నూనె, బయట వాసెలిన్ పట్టించి, బోల్ట్ విడిగా నూనె గుడ్డలో చుట్టి, రెండిటికీ నంబరు చీటీ కట్టండి. రసీదులో రైఫిల్ నంబరు, బోల్ట్ ఒకటి, మ్యాగజైన్లు ఎన్ని, తూటాలు ఎన్ని అని విడివిడిగా రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు సంతకం పెట్టే ముందు అక్కడే బోల్ట్ వేసి చూడండి. రెండు రైఫిళ్ల బోల్ట్‌లు తారుమారైతే హెడ్‌స్పేస్ కుదరదు, ఆ పొరపాటు ఇంటికొచ్చాక తెలిస్తే దిద్దుకోవడం చాలా దూరం.